తాహో స్నో ఫోర్‌కాస్టులు: ఏ సర్వీసు దేనికి పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

“ఈ వీకెండ్ తాహోలో 20 అంగుళాల మంచు” అన్న స్క్రీన్‌షాట్ బుధవారం సాయంత్రానికల్లా, తాహో సరస్సు చుట్టూ ఉన్న కొండలకి స్కీయింగ్‌కి వెళ్లే బే ఏరియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలుపెడుతుంది. ఆ 20 అంగుళాలూ ఏ ఎత్తులో పడతాయి, ఏ గంటల మధ్య పడతాయి, పడేటప్పుడు గాలి ఎంత ఉంటుంది అన్న సంగతి మాత్రం అందులో ఉండదు. శనివారం పొద్దున లిఫ్ట్ ఎక్కుతారా, పార్కింగ్ లాట్‌లోనే తడిసి వెనక్కి తిరుగుతారా అన్నది తేల్చేవి ఆ మూడే. అందుకని ఈ రివ్యూలో ప్రతి సర్వీసునీ ఆ మూడు ప్రశ్నలతోనే తూచాం. అంగుళాల అంకె వాటి తర్వాతే.

అంతా చదివే తీరిక లేనివారి కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నాం. అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్, రీనో ఆఫీసు నుంచి ఉచితంగా ఇచ్చే ఫోర్‌కాస్ట్ అన్నిటికన్నా మేలు. కాకపోతే దాన్ని చదవడం కాస్త నేర్చుకోవాలి. సీజన్‌లో నాలుగైదు సార్లు వెళ్లేవారికి ఓపెన్‌స్నో డబ్బు పెట్టదగ్గది. స్నో-ఫోర్‌కాస్ట్ డాట్ కామ్ ఒక్క చూపులో అంచనా తెచ్చుకోవడానికి బాగుంటుంది, దాన్ని నమ్ముకుని హోటల్ బుక్ చేయకూడదు. ఫోన్‌తో పాటు వచ్చే వెదర్ యాప్ కొండకి పనికిరాదు. రిసార్ట్ వాళ్ల స్నో రిపోర్ట్‌లో లిఫ్టుల వివరాలు నమ్మదగ్గవి, అంగుళాల లెక్కని మాత్రం ఇంకోచోట సరిచూసుకోవాలి.

కొండ ఒకటే, కిందా పైనా వాతావరణం వేరు

తాహో సరస్సు నీటిమట్టం సుమారు 6,225 అడుగుల ఎత్తులో ఉంది. చుట్టూ ఉన్న స్కీ రిసార్టుల్లో పాలిసేడ్స్ తాహోకి బేస్, అంటే కొండ అడుగు, 6,200 అడుగులు, పైకొస 9,050. హెవెన్లీ కాలిఫోర్నియా వైపు బేస్ 6,500 పైచిలుకు, కొస 10,067. మౌంట్ రోజ్‌కి బేసే 8,260 అడుగుల దగ్గర ఉంది. తాహో రిసార్టుల్లో అంత ఎత్తున మొదలయ్యేది ఇంకోటి లేదు. డానర్ కనుమ దగ్గర ఫ్రీవే పక్కనే ఉన్న బోరియల్ బేస్ సుమారు 7,200. వెయ్యి అడుగులు ఎక్కితే సగటున మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. కాబట్టి పాలిసేడ్స్‌లో కింద 36 డిగ్రీలుంటే కొస మీద 26 ఉంటుంది. ఒకే తుఫానులో, ఒకే గంటలో కింద వాన, పైన పొడి మంచు.

ఈ వాన ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఎత్తునే స్నో లెవెల్ అంటారు. ఏ ఫోర్‌కాస్ట్‌లోనైనా మొట్టమొదట వెతకాల్సిన అంకె ఇది. దీన్ని ఫ్రీజింగ్ లెవెల్‌తో కలిపేసుకోవడం అందరూ చేసే పొరపాటు. ఫ్రీజింగ్ లెవెల్ అంటే గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలకి చేరే ఎత్తు. మంచు రేకు కిందికి దిగుతూ కరగడానికి కొంత దూరం పడుతుంది కాబట్టి స్నో లెవెల్ సాధారణంగా దానికి వెయ్యి అడుగుల దాకా కింద ఉంటుంది. వాన జోరుగా ఉంటే, కరిగే మంచు చుట్టూ ఉన్న గాలి వేడిని లాగేసుకుని స్నో లెవెల్ ఇంకా కిందికి జారుతుంది. ఫ్రీజింగ్ లెవెల్ 7,000 అని చూసి “బేస్‌లో వానే” అని ట్రిప్ కాన్సిల్ చేసుకున్నవాళ్లు, నిజానికి బేస్ దాకా మంచు పడే రోజుని వదులుకున్నట్టు.

తుఫాను ఎటు నుంచి వస్తోందన్నది రెండో సంగతి. హవాయి వైపు నుంచి తేమని మోసుకొచ్చే అట్మాస్ఫియరిక్ రివర్ తుఫానుల్లో నీళ్లు ఎక్కువ, వెచ్చదనమూ ఎక్కువే. స్నో లెవెల్ 7,500, 8,000 అడుగులకి ఎక్కడం మామూలు. అలాస్కా వైపు నుంచి దిగే చల్లటి తుఫానుల్లో స్నో లెవెల్ 4,000 దాకా పడిపోతుంది, తేమ తక్కువ, మంచు తేలిక. మొదటి రకంలో అంగుళాల అంకె కళ్లు తిరిగేంత ఉంటుంది, రెండో రకంలో సగం కూడా ఉండకపోవచ్చు. స్కీయింగ్‌కి రెండోదే మంచిది.

ఇక ఏ గట్టున ఉన్నారన్నది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల అవతల కుండపోతగా కురిసి ఇవతల అనంతపురానికి వచ్చేసరికి వట్టిపోయినట్టే, పసిఫిక్ తుఫానులు సియెర్రా పర్వతాల పడమటి అంచున దింపాల్సిందంతా దింపేసి సరస్సు దాటేసరికి చిక్కిపోతాయి. షుగర్ బౌల్, పాలిసేడ్స్, కర్క్‌వుడ్ పడమటి అంచున ఉన్నాయి. డైమండ్ పీక్, మౌంట్ రోజ్, హెవెన్లీ తూర్పు గట్టున. పై గాలులు బలంగా ఉంటే తేమ అంచు దాటి ఇవతలికి చిందుతుంది. ఫోర్‌కాస్టర్లు దీన్నే స్పిల్‌ఓవర్ అంటారు. ఆ మాట కనబడితే తూర్పు రిసార్టులకి శుభవార్త. “తాహోలో 20 అంగుళాలు” అన్న ఒక్క అంకె ఈ రెండు గట్లకీ ఒకేసారి వర్తించడం అరుదు.

నేషనల్ వెదర్ సర్వీస్ (5కి 4.5)

సైట్ చూడగానే 20 ఏళ్ల కిందటిదిలా కనిపిస్తుంది. అది చూసి మూసేయకండి. వెదర్ డాట్ గవ్‌లో తాహో పక్క ఊరు ట్రకీ పేరు కొట్టండి. వచ్చిన పేజీలో చిన్న మ్యాప్ ఉంటుంది. దాన్ని జరిపి మీరు వెళ్లే కొండ మీద నొక్కండి. పేజీలో ఆ చోటు ఎత్తు అడుగుల్లో కనిపిస్తుంది. ఆ ఎత్తు చూడకుండా ముందుకెళ్లొద్దు. మ్యాప్‌ని సుమారు రెండున్నర కిలోమీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి ఒక్కో అంచనా ఇస్తారు. మీ వేలు కాస్త పక్కకి పోతే పక్క లోయ వాతావరణం వస్తుంది. బేస్ మీద ఒకసారి, పై లిఫ్ట్ ఆగే చోట ఒకసారి నొక్కి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. పిదప గంటల వారీ గ్రాఫ్ తెరిస్తే గాలి, గస్టులు (ఉన్నట్టుండి విసిరే గాలి), ఉష్ణోగ్రత, మంచు వరుసగా వస్తాయి. మంచు ఎక్కువ పడే గంటలూ, గస్టులు పెరిగే గంటలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది.

అసలు సరుకు మాత్రం ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అన్న లింకులో ఉంది. డ్యూటీలో ఉన్న వాతావరణ నిపుణులు రోజుకి కనీసం రెండుసార్లు, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, తమ ఆలోచన మొత్తం మామూలు ఇంగ్లీషు వాక్యాల్లో రాస్తారు. అందులో “స్నో లెవెల్స్ 7,000 దగ్గర మొదలై, ఫ్రంట్ దాటాక రాత్రికి 5,000కి దిగుతాయి” అన్న తరహా వాక్యం ఒకటి ఉంటుంది. ఫ్రంట్ అంటే వెచ్చటి గాలిని తోసుకొచ్చే చల్లగాలి అంచు. ఆ ఒక్క వాక్యంలో ట్రిప్ మొత్తం ఉంది. పగలు బేస్‌లో వాన, రాత్రికి బేస్ దాకా మంచు, కింద బరువైన పొర, దాని మీద తేలికైన పొర. మర్నాడు స్కీలకి ఇంతకన్నా బాగుండదు. దీనికి తలకిందులుగా, చల్లగా మొదలై వెచ్చబడుతూ పోయే తుఫానైతే తేలిక మంచు మీద తడి మంచు కూర్చుంటుంది. స్కీ ముక్కు లోపలికి దిగబడి కాలు మెలిపడుతుంది, ఆవలాంచి (వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం) ప్రమాదమూ పెరుగుతుంది. అంగుళాల లెక్కలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందులోనే ‘కాన్ఫిడెన్స్’ అన్న మాట కోసం కూడా వెతకండి. కంప్యూటర్ మోడళ్లు ఒకదానితో ఒకటి ఏకీభవించనప్పుడు ఆ సంగతి దాచకుండా రాసేస్తారు. డబ్బు తీసుకునే సర్వీసుల్లో కూడా ఈ నిజాయితీ అన్నిచోట్లా దొరకదు. శీతాకాలం పేజీలో సంభావ్యత మ్యాపులు కూడా ఉంటాయి. పదింట తొమ్మిది సార్లు దాటే తక్కువ అంకె, పదింట ఒక్కసారే దాటే ఎక్కువ అంకె, మధ్యలో అంచనా. ఆ రెండు కొసలూ 10, 16 అంగుళాలైతే ధైర్యంగా బయల్దేరొచ్చు. 2, 22 అయితే ఇంకో రోజు ఆగాలి. వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్ చాలాసార్లు ఆ 22 దే.

హెచ్చరికల మాటలు కూడా తేడా తెలుసుకుని చదవాలి. వాచ్ అంటే వచ్చే అవకాశం ఉంది, వార్నింగ్ అంటే వచ్చేస్తోంది లేదా వచ్చేసింది. బ్లిజర్డ్ వార్నింగ్ అంటే గాలిగానీ తరచూ వచ్చే గస్టులుగానీ గంటకి 35 మైళ్లకి తగ్గకుండా, పావు మైలు కూడా కనబడని స్థితి మూడు గంటలైనా ఉంటుందని. 2024 ఫిబ్రవరి 29 నుంచి మార్చి 3 దాకా వచ్చిన తుఫానుకి రీనో ఆఫీసు ఈ వార్నింగ్ ముందుగానే ఇచ్చింది. పాలిసేడ్స్ కొస మీద గస్టు గంటకి 190 మైళ్లు నమోదైంది, ఐ-80 ఫ్రీవే మూతపడింది, చాలా రిసార్టులు శనివారం తెరవనేలేదు.

అర మార్కు ఎందుకు తగ్గించామంటే, తాహో రెండు ఆఫీసుల మధ్య పడింది. సరస్సు చుట్టుపక్కలంతా రీనో చూస్తుంది. శాక్రమెంటో నుంచి డానర్, ఎకో శిఖరాల దాకా ఎక్కే పడమటి వాలు, అంటే మీరు కారు నడిపే దారి, శాక్రమెంటో ఆఫీసు కిందికి వస్తుంది. ఒక్కటే చదివితే కొండ గురించి తెలుస్తుందిగానీ దారి గురించి తెలియదు. ఈ సంగతి సైట్‌లో ఎక్కడా విడమర్చి చెప్పరు.

ఓపెన్‌స్నో (5కి 4)

కొలరాడోలోని బోల్డర్‌లో జోయెల్ గ్రాట్జ్ మొదలుపెట్టిన సర్వీసు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో మనిషి రోజూ పొద్దున్నే డైలీ స్నో అని రాస్తారు. తాహోకి ఏళ్ల తరబడి రాస్తున్నది బ్రయన్ అలెగ్రెట్టో. డబ్బు కట్టాల్సింది ఆ రాతకే. యాప్‌లో కనిపించే నీలి గీతలు కంప్యూటర్ లెక్క, రాత మనిషిది. రెండూ వేరుగా ఉన్నప్పుడు రాతనే నమ్మండి. ఎత్తుల వారీగా, గట్ల వారీగా రేంజ్ చెప్పడం, తుఫాను తర్వాత తన అంచనాని రిసార్టుల లెక్కలతో పక్కపక్కన పెట్టి చూపించడం దీని బలం. వాతావరణ శాఖ డిస్కషన్‌లో పరిభాష బరువనిపించేవారికి ఇది అదే విషయాన్ని స్కీయర్ల భాషలో చెబుతుంది.

లోపం ఏమిటంటే, ఎక్కువ భాగం సబ్‌స్క్రిప్షన్ వెనకే ఉంది. ఏడాదికి ఒకసారి పిల్లలకి మంచు చూపించి వచ్చే కుటుంబానికి ఆ ఖర్చు దండగ. ఇంకోటి, వారం దాటాక వచ్చే రోజులకి కూడా అంగుళాలు చూపిస్తుంది. ఈ తప్పు దీనిదొక్కదానిదే కాదు, అన్ని యాప్‌లూ చేసేదే. పది రోజుల ముందు చూడదగ్గది “ఆ వారంలో తుఫాను బాట తెరుచుకుంటుందా” అన్నది మాత్రమే. ఐదు రోజుల ముందు తుఫాను ఎటు తిరుగుతుందో తేలుతుంది. మూడు రోజుల ముందు స్నో లెవెల్ వెయ్యి అడుగుల అటూఇటుగా కుదురుకుంటుంది. గంటల లెక్క తేలేది ముందురోజే. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న మాట పదో రోజు విషయంలో నేటికీ నిజమే.

స్నో-ఫోర్‌కాస్ట్ డాట్ కామ్ (5కి 3)

ప్రపంచంలో ఏ రిసార్ట్ పేరు కొట్టినా పేజీ వస్తుంది. గుల్‌మార్గ్‌కి వెళ్లేవారికి కూడా ఇదే మొదటి ఆసరా. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రోజుని మూడుగా కోసి, మంచు, వాన, గాలి, ఫ్రీజింగ్ లెవెల్ ఒకే పట్టికలో చూపిస్తుంది. పైన కొస, మధ్య, బేస్ అని మూడు బటన్లు ఉంటాయి. మీరు ఏ ఎత్తు చూస్తున్నారో గమనించుకోండి. కొస మీది అంకెని బేస్‌కి అనుకోవడం వల్లే ఈ సైట్ మీద “ఎక్కువ చెబుతుంది” అన్న నింద పడుతుంది. పట్టికలో ఉన్నది ఫ్రీజింగ్ లెవెల్, స్నో లెవెల్ కాదు. దాన్నుంచి ఓ వెయ్యి అడుగులు తీసేసి చదువుకోవాలి.

దీని వెనక స్థానికంగా కొండ తెలిసిన మనిషి లేరు. పెద్ద పెద్ద గళ్ల కంప్యూటర్ మోడళ్లకి సియెర్రా అంచు ఉన్నంత పదునుగా కనబడదు, గుండ్రంగా అరిగిపోయిన కొండలా కనబడుతుంది. అందువల్ల పడమటి అంచుకి తక్కువ, తూర్పు గట్టుకి ఎక్కువ చూపే అవకాశం ఉంది.

ఫోన్‌లోని వెదర్ యాప్ గురించి ఒక్క మాట చాలు. “సౌత్ లేక్ తాహో” అని కొడితే అది చెప్పేది ఊరి వాతావరణం, 6,200 అడుగుల దగ్గరది. పక్కనే 10,000 అడుగుల దాకా లేచిన హెవెన్లీ కొండ దానికి తెలియదు.

20 అంగుళాలు పడ్డా లిఫ్ట్ ఎక్కలేని రోజు

బే ఏరియా నుంచి నాలుగు గంటలు నడిపి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా. సియెర్రా తుఫానులో గాలి ముందు నైరుతి నుంచి వస్తుంది. ఫ్రంట్ దాటేదాకా పెరుగుతూనే ఉంటుంది. పెద్ద తుఫానుల్లో కొస మీద గస్టులు గంటకి 100 మైళ్లు దాటడం కొత్తేమీ కాదు. కుర్చీ లిఫ్ట్‌కి అంత అక్కర్లేదు. గాలి దిశనీ, లిఫ్ట్ కట్టిన తీరునీ బట్టి 40, 50 మైళ్ల దగ్గరే చాలా లిఫ్టులు ఆపేస్తారు. పక్క నుంచి కొట్టే గాలికి కుర్చీ ఊగి టవర్‌ని తాకుతుంది, తీగ చక్రాల మీద నుంచి జారే ప్రమాదం కూడా ఉంది. దీన్ని విండ్ హోల్డ్ అంటారు.

ఇప్పుడు రెండు అంకెలూ కలిపి చూడండి. స్నో లెవెల్ 7,200, పై గస్టులు 80 మైళ్లు. పాలిసేడ్స్ లాంటి కొండ మీద మంచు పడేది 7,200 పైన, అక్కడికి వెళ్లే లిఫ్టులు ఆగిపోయి ఉంటాయి. తిరిగే లిఫ్టులు కిందవి, అక్కడ పడేది వాన. రిపోర్ట్‌లో “20 అంగుళాలు” అబద్ధం కాదు. ఆ మంచుని ఆ రోజు ఎవరూ తొక్కరు, అంతే.

అలాంటి రోజుకి రెండు దారులు. ఒకటి, చెట్లు దట్టంగా ఉండి గాలికి ఓర్చుకునే కొండ. నార్త్‌స్టార్ తుఫాను రోజుకి పేరు తెచ్చుకున్నది అందుకే. దాని బేస్ 6,330 అడుగులు కాబట్టి స్నో లెవెల్ అంతకంటే కింద ఉండాలి. రెండోది, తుఫాను రోజుని వదిలేసి మర్నాడు వెళ్లడం. మర్నాడు గాలి తగ్గుతుంది, ఎండ వస్తుంది. కాకపోతే పై ప్రాంతాలు 9 గంటలకే తెరవరు. రాత్రి పడిన మంచుని స్కీ పాట్రోల్ (కొండ మీది భద్రతా సిబ్బంది) పేలుడు పదార్థాలతో కిందికి దింపి, సురక్షితమనుకున్నాకే అడ్డం కట్టిన తాడు తీస్తారు. 10, 11 గంటల దాకా ఆగాల్సి రావచ్చు. అప్పటిదాకా కింద తిరిగి, తాడు తీసే వేళకి పైన ఉండటం అనుభవం ఉన్నవాళ్లు చేసే పని.

రిసార్ట్ స్నో రిపోర్టులు (లిఫ్టులకి 5, అంగుళాలకి 2.5)

తెల్లవారుజామున ఐదారు గంటలకల్లా రిపోర్ట్ పెడతారు. 24 గంటల మంచు, తుఫాను మొత్తం, సీజన్ మొత్తం, బేస్ డెప్త్ అని నాలుగు అంకెలుంటాయి. తాటికాయంత అక్షరాలతో కనిపించేది వాటిలో పెద్దదే. కొలిచే పద్ధతి మామూలుగా ఇది: తెల్ల రంగు వేసిన చెక్క పలక, దాని మీద అంగుళాల గుర్తులున్న కర్ర. మంచు పలక మీద పేరుకుంటుంది, కొలుస్తారు, తుడిచేస్తారు. ఎన్ని గంటలకోసారి తుడిచారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. తాజా మంచు తన బరువుకి తానే అణుగుతుంది కాబట్టి ఆరు గంటలకోసారి తుడిచి కూడితే వచ్చేది, 24 గంటలకోసారి కొలిస్తే వచ్చేదాని కన్నా ఎక్కువ. పలకని పెట్టే చోటు కూడా గాలి తగలని, మంచు బాగా నిలిచే చోటే అయి ఉంటుంది.

డార్ట్‌మత్ కాలేజీ ఆర్థిక శాస్త్రవేత్తలు ఇద్దరు 2009లో బయటపెట్టిన పరిశోధన ఒకటుంది. స్కీ రిసార్టులు శని, ఆదివారాల్లో పడిందని చెప్పుకున్న మంచు, వారంలో మిగతా రోజుల కన్నా 23 శాతం ఎక్కువ తేలింది. ప్రభుత్వ లెక్కల్లో అలాంటి వారాంతపు తేడా ఏమీ కనబడలేదు. ఈ రోజుల్లో కొలకర్ర మీదే కెమెరా పెట్టి నేరుగా చూపించే రిసార్టులున్నాయి. ఆ కెమెరా ఉంటే అంకెని వదిలేసి కర్రనే చూడండి. ఎక్కడ ఏ లిఫ్ట్ తిరుగుతోంది, ఏది హోల్డ్‌లో ఉంది అన్నది మాత్రం రిసార్ట్ యాప్ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

బేస్ డెప్త్ గురించి: జనవరిలో 30 అంగుళాలంటే గ్రూమ్ చేసిన, అంటే యంత్రంతో దువ్విన, దారులకి సరిపోతుంది, చెట్ల మధ్యకి మాత్రం వెళ్లొద్దు. రాళ్లు, పొదలు, పడిపోయిన మానులు ఇంకా పూర్తిగా కప్పబడి ఉండవు.

రిపోర్ట్‌లో రాసే మాటలకి అర్థాలు వేరు. ప్యాక్డ్ పౌడర్ అంటే జనం తొక్కి గట్టిపడిన మంచి మంచు. మెషీన్ గ్రూమ్డ్ అంటే రాత్రి యంత్రంతో దువ్విన దారి, కొత్తవాళ్లకి ఇదే కావాలి. హార్డ్‌ప్యాక్ అని రాస్తే ఐస్ అని చదువుకోండి. ‘వేరియబుల్’ అన్నది అన్నిటికన్నా లౌక్యమైన మాట. ఒకచోట ఐస్, ఒకచోట బురద, ఒకచోట గాలి కొట్టేసిన గట్టి పెచ్చు అని దానర్థం.

రిసార్ట్ అంకెని సరిచూసుకునే చోటు: స్నోటెల్

ఇది వ్యవసాయ శాఖ వాళ్ల ఆటోమేటిక్ కేంద్రాల వలయం. నీళ్ల లెక్క కోసం పెట్టారు, స్కీయర్లకి కూడా అంతే పనికొస్తుంది. పాలిసేడ్స్ కొండ మీద 8,000 అడుగుల దగ్గర ఒకటి, హెవెన్లీలో ఒకటి, మౌంట్ రోజ్‌లో ఒకటి, ఎకో పీక్‌లో ఒకటి ఉన్నాయి. గంట గంటకీ రెండు అంకెలు ఇస్తాయి. మంచు లోతు ఒకటి, అదంతా కరిగితే ఎన్ని అంగుళాల నీళ్లవుతుందన్నది రెండోది. ఈ రెండోదాన్ని ఎస్‌డబ్ల్యూఈ అంటారు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నీటి లెక్క 1.2 అంగుళాలు పెరిగి, లోతు 10 అంగుళాలు పెరిగిందనుకోండి. పదిని 1.2తో భాగిస్తే సుమారు 8. అంటే అంగుళం నీళ్లకి ఎనిమిది అంగుళాల మంచు. తడిసిన ఇడ్లీపిండిలా బరువైనది. సియెర్రా సిమెంట్ అని పేరుపడింది ఇదే. వెడల్పు స్కీలు తీసుకోండి, మోకాళ్లు జాగ్రత్త. నీళ్లు 0.8, లోతు 12 అయితే నిష్పత్తి 15. తాహోలో ఇది పండగ, తేలిక పౌడర్. నీళ్లు 1.2 పెరిగి లోతు రెండు అంగుళాలు తగ్గితే ఆ ఎత్తులో పడింది వాన. రిసార్ట్ రిపోర్ట్ ఏమన్నా సరే, పొద్దున చలికి అదంతా గడ్డకట్టి ఉంటుంది. చాలా ఉచిత మ్యాపులు అన్ని తుఫానులకీ 10 అన్న నిష్పత్తినే గుడ్డిగా వాడేస్తాయి. వెచ్చటి తుఫానుల్లో వాటి అంకెలు ఉబ్బిపోయేది అందుకే. లోతు కొలిచే సెన్సర్ అప్పుడప్పుడు ఒక్క గంటలో 15 అంగుళాలు ఎగిరి మళ్లీ పడిపోతుంది, అలాంటి ఒంటరి అంకెని లెక్కలోకి తీసుకోవద్దు.

మనిషి చేత్తో కొలిచిన లెక్కే కావాలంటే సోడా స్ప్రింగ్స్ దగ్గర యూసీ బర్క్లీ వారి సెంట్రల్ సియెర్రా స్నో ల్యాబ్ ఉంది. 1946 నుంచి నడుస్తోంది, ఎత్తు సుమారు 6,900 అడుగులు. టిక్కెట్లు అమ్ముకునే అవసరం లేని చోటు కాబట్టి డానర్ ప్రాంతానికి దాని అంకెనే ప్రమాణంగా పెట్టుకోవచ్చు. 2022–23 సీజన్‌లో అక్కడ 754 అంగుళాలు పడింది. 1951–52లో పడిన 812 తర్వాత అదే ఎక్కువ.

మార్చి మధ్య నుంచి ఈ లెక్కలన్నీ పక్కకి పోతాయి. అప్పుడు చూడాల్సింది రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, మబ్బు. ఆకాశం తేటగా ఉండి కొండ మీద రాత్రి 32 కిందికి దిగితే, పొద్దున రాయిలా గట్టిగా ఉన్న మంచు ఎండకి పైన అంగుళం మేర కల్లుప్పు రవ్వలా విడుతుంది. దాన్నే కార్న్ అంటారు. తూర్పు వాలు ముందు విడుతుంది, తర్వాత దక్షిణం, ఆపైన పడమర. 10 నుంచి 12 మధ్య బాగుంటుంది, ఒంటి గంటకి బురద. రాత్రి మబ్బు కమ్మితే గడ్డకట్టదు, మర్నాడు పొద్దున్నుంచే బురద.

ఆవలాంచి, లోతు మంచు

సియెర్రా ఆవలాంచి సెంటర్ పొద్దున్నే ఐదు మెట్ల ప్రమాద స్థాయి ప్రకటిస్తుంది. ఇది రిసార్ట్ హద్దుల బయట కొండలకి. కానీ హద్దుల లోపల ప్రమాదం సున్నా అనుకోవద్దు. 2024 జనవరి 10న పాలిసేడ్స్‌లో కేటీ-22 ప్రాంతంలో, హద్దుల లోపలే, ఆవలాంచిలో ఒకరు చనిపోయారు. రెండు మూడు అడుగుల కొత్త మంచు పడ్డాక చెట్టు మొదలు చుట్టూ గుల్లగా ఉండే గోతులు ఇంకో ముప్పు. తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రాలేరు. చెట్ల మధ్యకి వెళ్తే ఒకరికొకరు కనబడే దూరంలోనే ఉండాలి. పిల్లల్ని రోడ్డు పక్కన ఏ వాలు బడితే ఆ వాలు మీద స్లెడ్డింగ్‌కి దింపేవారు కూడా ఆ పొద్దుటి బులెటిన్ ఒకసారి చూడాలి.

కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్ (5కి 4.5)

రోడ్ల శాఖ యాప్. ఐ-80 మీద డానర్ శిఖరం 7,239 అడుగులు, హైవే 50 మీద ఎకో శిఖరం 7,382. స్నో లెవెల్ 5,000 అన్నారంటే ఐ-80 మీద బ్లూ కాన్యన్ దాటగానే, 50 మీద పోలక్ పైన్స్ దాటి కొంత దూరం వెళ్లగానే రోడ్డు మీద మంచు ఉంటుందని లెక్క. చెయిన్ కంట్రోల్, అంటే టైర్లకి గొలుసులు వేయాలన్న నియమం, మూడు మెట్లు. ఆర్1లో స్నో టైర్లున్న మామూలు కార్లని చెయిన్లు వేయకుండానే వదులుతారు. ఆర్2లో నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లనే చెయిన్లు లేకుండా వదులుతారు. ఆర్3లో అందరికీ చెయిన్లు. అంతదాకా వచ్చేలోపే సాధారణంగా రోడ్డు మూసేస్తారు. మొదటి రెండు మెట్లలో కూడా చెయిన్లు డిక్కీలో ఉండి తీరాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ఉత్త చేతులతో వెళ్తే వెనక్కి పంపేస్తారు. స్నో టైర్ అనిపించుకోవాలంటే టైర్ మీద ఎం, ఎస్ అక్షరాల గుర్తు ఉండాలి, గాడి లోతు అంగుళంలో 32లో 6 వంతులకి తగ్గకూడదు.

చెయిన్లు టైర్ సైజు చూసి కొనాలి. టైర్ పక్కన 235/65 ఆర్17 లాగా రాసి ఉంటుంది, డబ్బా మీద ఆ సైజు ఉందో లేదో చూసుకోండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలకి వేయాలి. టెస్లా మోడల్ వై లాంటి వాటికి వెనక చక్రాలకే వేయమని మాన్యువల్ చెబుతుంది. ఇంట్లో డ్రైవ్‌వేలో ఒకసారి వేసి తీసి చూడండి. గాలివానలో, చీకట్లో, గ్లవ్స్‌తో మొదటిసారి వేయడం ఎవరి వల్లా కాదు. వేసి 100 గజాలు నడిపాక ఆగి మళ్లీ బిగించాలి. చాలామంది ఆ పని మర్చిపోతారు, వదులైన కొస ఫెండర్‌ని కొడుతూ లోపల బ్రేక్ పైపుల దాకా పాడుచేస్తుంది. వేగం 25, 30 మైళ్లు మించొద్దు. రెంటల్ కారైతే చెయిన్లు వేయడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో ముందే చదువుకోండి.

ట్రకీ, తాహో సిటీల మధ్య హైవే 89, కర్క్‌వుడ్ దగ్గర హైవే 88 ఆవలాంచి పనుల కోసం చెప్పాపెట్టకుండా ఆగుతుంటాయి. యాప్‌లో ఇవి కాస్త ఆలస్యంగా ఎక్కడమే అర మార్కు తగ్గడానికి కారణం. సిగ్నల్ లేని చోట 1-800-427-7623కి ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసి రోడ్డు నంబర్ చెబితే రికార్డు చేసిన సమాచారం వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణానికి ఆదివారం మధ్యాహ్నం 12కి ఒకసారి క్విక్‌మ్యాప్‌లో డానర్, కింగ్‌వేల్ కెమెరాలు తెరవండి. గంటల గ్రాఫ్‌లో మంచు 3 తర్వాత మొదలవుతుందని ఉంటే రెండు లోపే డానర్ దాటేయాలి. కెమెరాలో రోడ్డు గీతలు కనబడకుండా పోయి, ట్రక్కుల్ని ఆపుతున్నామని యాప్‌లో వచ్చిందంటే ఆ తర్వాత మూసేది కార్ల దారే. అప్పుడు బయల్దేరే కన్నా రూమ్ ఇంకో రాత్రికి పొడిగించుకుని, తెల్లవారాక మంచు తోసే ప్లౌ బళ్లు తిరిగిన రోడ్డు మీద దిగడం మేలు.